నలభై ఒకటో శకలం

పాలదిబ్బ కుప్పం జాలరులకు రాకెట్లు కొత్త కాదు. ఉత్తరాన ఇసుక దిబ్బల అవతల ప్రయోగ కేంద్రం ఉంది. రాకెట్టు లేచే రోజున పడవలు ఒడ్డున పడుకోవాలి, చేపలు నీళ్ళలో సుఖంగా ఉండాలి, మనుషులు తలెత్తి చూసి చప్పట్లు కొట్టాలి. అది రివాజు. ఆ రోజూ అలాగే లేచింది. లేచి, మబ్బు అంచు దాటాక, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా ఒక పక్కకు మొహం తిప్పుకుంది. ఆ వెంటనే ఒక మెరుపు మెరిసి, ముక్కలు ముక్కలై సముద్రంలో పడింది. అందులో మనుషులెవరూ లేరు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుప్పంలో కుక్కలు కాసేపు మొరిగి ఊరుకున్నాయి.

మస్తానమ్మ ఆ మెరుపును చూసింది గానీ పట్టించుకోలేదు. రెండు నెలల వేట నిషేధం అయిపోయి, సముద్రం తెరిచి వారం కూడా కాలేదు. కానాగంత చేపలు పడే కాలం. తెల్లవారితే మొగుడు కోదండం పడవ దించుతాడు, పొద్దెక్కేసరికి తాను సత్తు బేసిన్ నెత్తిన పెట్టుకుని మెరక ఊళ్ళు తిరగాలి. ఆమె ధ్యాసంతా దాని మీదే ఉంది.

తెల్లవారింది. పడవలు మాత్రం కదల్లేదు. విచారణ మండలి దిగింది.

మండలి అధ్యక్షులు విశ్వంభరం గారు పెద్ద చదువులు చదివిన మనిషి. వాన పడుతోంది అని చెప్పవలసి వస్తే 'అవపాతం సంభవిస్తున్నట్లు ప్రాథమిక సంకేతాలు అందుతున్నవి' అనేవారు. ఆ మాట పూర్తయ్యేసరికి తడిసిపోయేవారు. ఆయన తుఫాను షెల్టర్‌లో కుర్చీలు వేయించి, కుప్పం జనాన్ని కూర్చోబెట్టి, కొత్త పద్ధతిని వివరించారు. సముద్రంలో పడిన ముక్కలను వెతికి తీయడం పాతకాలపు తడి పని అన్నారు. ఇప్పుడంతా రేడార్. రేడార్ ఒక తరంగాన్ని పంపుతుంది, ఎదురైన వస్తువు దాన్ని తిప్పికొడుతుంది, ఆ తిప్పికొట్టే తీరు ఒక్కో వస్తువుకు ఒక్కో రకం. రాకెట్టు భాగాల నకళ్ళను ముందే ఒక గదిలో దారాలకు వేలాడదీసి, ఏది ఎలా తిప్పికొడుతుందో పట్టిక తయారు చేసి పెట్టారు. ప్రమాదం జరిగినప్పుడు ఆకాశంలో రేడార్ చూసినదాన్ని ఆ పట్టికతో పోల్చుకుంటే, ఇది ఫలానా తలుపు, ఇది ఫలానా తొట్టి అని కుర్చీలోంచి లేవకుండా తేల్చవచ్చు. మొత్తం నలభై ఒక్క శకలాలు కనిపించాయట. అవన్నీ ఏవేవో తేలేవరకు సముద్రం ప్రమాదస్థలం.

కాగితం మీది ఉత్తర్వును ఆ తీరంలో ఎవరూ పెద్దగా లెక్కచేయరని మండలికి ఎవరో చెప్పారు. అక్కడ చెల్లేది దురాయి. కుప్పం పెద్దకాపు పోలేరమ్మ గుడి ముందు నిలబడి ఫలానా పని చేయకూడదని దురాయి వేస్తే, దాన్ని మీరిన వాడికి నిప్పు ఇచ్చేవాడుండడు, పిల్లనిచ్చేవాడుండడు. విశ్వంభరం గారు పెద్దకాపు ఏకాశిరిని పిలిపించి, జాతీయ ప్రాముఖ్యం గల అంశమని చెప్పి, ఒక శాలువా కప్పారు. ఏకాశిరికి అంతకు ముందు ఎవరూ శాలువా కప్పలేదు. ఆ వేడి దిగకముందే వెళ్ళి, అన్ని ముక్కలూ ఏవేవో తేలేదాకా ఎవరూ పడవ దించగూడదని దురాయి వేసేశాడు. చదువుకున్నవాళ్ళు, రెండు రోజుల్లో తేల్చేస్తారులే అనుకున్నాడు.

నిజంగానే రెండు రోజుల్లో నలభై తేలాయి. మిగిలింది ఒకటి.

ఆ నలభై ఒకటో శకలం పెద్దది, వెడల్పైనది, బొత్తిగా తొందరలేనిది. పైగా అది పడలేదు. సముద్రం వైపు కొంత దూరం వచ్చి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, కాస్త పైకి లేచి, ఉప్పుటేరు మీదుగా పడమటికి వెళ్ళిపోయింది. పట్టికలోని ఏ భాగంతోనూ కుదరలేదు.

అది గూడబాతుల గుంపని రేడార్ విశ్లేషకుడు ఇందుశేఖర్‌కు మొదటి సాయంత్రమే తెలుసు. రాకెట్టు చప్పుడుకు ఏటిలోంచి అవి గుంపుగా లేస్తాయని కుప్పంలో చంటిపిల్లలకూ తెలుసు. ఇందుశేఖర్ ఆ మాటే అధ్యక్షుల వారికి విన్నవించాడు.

"పట్టికలో పక్షి ఉన్నదా?" అని అడిగారు విశ్వంభరం గారు.

"లేదండి."

"పట్టికలో లేనిది ఆకాశంలో ఎట్లా ఉంటుందయ్యా?"

ఇందుశేఖర్‌కు ఇంకా పదేళ్ళ సర్వీసు ఉంది. ఉండదని ఒప్పుకున్నాడు. అయితే పక్షిని పట్టికలో చేరుద్దామని మెల్లగా అన్నాడు. దానికి ఒక గూడబాతును గదిలో దారానికి కదలకుండా వేలాడదీసి కొలవాలి. అనుమతి కోరుతూ అటవీ శాఖకు రాశారు. గూడబాతు రక్షిత జీవి అని, దాన్ని వేలాడదీయడమే కాక, శకలం అని సంబోధించడం కూడా నేరమని అటవీ శాఖ జవాబిచ్చింది. దాంతో ఆ దారి మూసుకుపోయింది.

సముద్రం మూతపడే ఉంది. అల మీద కానాగంతలు మెరుస్తుంటే ఒడ్డున జనం కూర్చుని చూశారు. ఏకాశిరి దగ్గరికి పోయి దురాయి ఎత్తెయ్యమంటే, అమ్మవారి ముందు అన్న మాట అన్నట్టే తీరాలి, ముక్కలన్నీ తేలాలన్నాడు. మండలి దగ్గరికి పోతే, మేమేం చేస్తాం, మీ పెద్దకాపు వేసిన దురాయి అన్నారు. ఒకరి మొండితనానికి ఇంకొకరు తాళం వేసుకుని, తాళంచెవి నడిమధ్యన సముద్రంలో పారేశారు. వయసు పిల్లలు ఒక్కొక్కరే మద్రాసు రైలెక్కి కాశిమేడు రేవులో మరబోట్ల మీద కూలికి పోతున్నారు.

ఒకనాడు మస్తానమ్మ ఇంటికొచ్చేసరికి కోదండం సంచిలో లుంగీలు కుక్కుతున్నాడు.

"యాడికి?" అంది.

"కాశిమేడుకి. మా పినతండ్రి కొడుకు రమ్మన్నాడు."

"సొంత పడవ పెట్టుకోని ఇంకోడి బోటు మీద వల లాగతావా?"

"పడవుండి ఏం చేసేదే. దానిమీద నువ్వు వొడియాలు ఎండేసుకో."

"పొయినోడు ఒక్కడన్నా తిరిగొచ్చినాడా? ఆ ఎదురింటోడు పొయి నాలుగేళ్ళాయె. వాడి పడవలో కోళ్ళు గుడ్లు పెడతుండాయి."

కోదండం లుంగీలు కుక్కడం ఆపాడు. ఆదివారం దాకా చూస్తాను, ఆపైన పోతాను అని చెప్పి సంచి గోడకు తగిలించాడు. మస్తానమ్మ ఆ సంచిని చూసింది. అది గోడ మీద తన మొగుడే వేలాడుతున్నట్టు ఉంది.

ఈలోగా మండలికి కొత్త ఆలోచన వచ్చింది. శకలం పడమటికి, అంటే నేల మీదికి వచ్చింది కాబట్టి కుప్పంలోనే ఎక్కడో ఉండాలి. షెల్టర్ మిద్దె మీద చిన్న రేడార్ బిగించారు. ప్రతి ఇంటివారూ తమ దగ్గరున్న లోహపు వస్తువులను తెచ్చి దాని ముందు పెట్టాలని దండోరా వేశారు. జనం బిందెలు తెచ్చారు, విరిగిన ఇంజన్ రెక్కలు తెచ్చారు, సైకిల్ చక్రాలు తెచ్చారు. బడి పేరున్న రేకు బోర్డును కూడా పీక్కొచ్చారు. ఒక్కో వస్తువునూ దారానికి కట్టి వేలాడదీశారు. ఏదీ కుదరలేదు. ఒక ముసలాయన కట్టుడు పన్ను దగ్గరదగ్గరగా వచ్చింది గానీ, అది పైకి లేవడం లేదని కొట్టేశారు.

శుక్రవారం మధ్యాహ్నం మస్తానమ్మ ఖాళీ బేసిన్ నెత్తిన పెట్టుకుని షెల్టర్ ముందు నుంచి పోతోంది. చేపలు లేవు కాబట్టి మెరక ఊళ్ళో నూకలు అడిగి తెచ్చుకోవాలని బయలుదేరింది. ఇసుకలో నడక కాబట్టి ఒళ్ళు అటూ ఇటూ ఊగుతోంది. ఒళ్ళు ఊగినప్పుడల్లా బేసిన్ ఊగుతోంది. మిద్దె మీద యంత్రం కుయ్యిమంది. ఇందుశేఖర్ పరుగెత్తి చూశాడు. తెర మీద నలభై ఒకటో శకలం, అదే వెడల్పు, అదే తొందరలేనితనం, అదే ఊపు. దిబ్బ ఎక్కేచోట కాస్త పైకి కూడా లేచింది. అక్కణ్ణించి పడమటికి పోయింది.

వెనక్కి పిలిపించి బేసిన్‌ను విడిగా వేలాడదీశారు. కుదరలేదు. మస్తానమ్మను విడిగా నడిపించారు. కుదరలేదు. మస్తానమ్మ నెత్తిన బేసిన్ పెట్టి నడిపిస్తే, అచ్చు గుద్దినట్టు కుదిరింది. మూడుసార్లు నడిపించారు. మూడోసారి ఆమె విసుక్కుని అడుగు గట్టిగా వేస్తే ఇంకా బాగా కుదిరింది.

విశ్వంభరం గారు లేచి నిలబడ్డారు. శాస్త్రం ముందు వ్యక్తిగత విశ్వాసాలకు తావు లేదని, రేడార్ చూపినది మనకు వింతగా ఉంటే ఆ లోపం మనదే తప్ప రేడార్‌ది కాదని అన్నారు. నలభై ఒకటో శకలం సదరు మస్తానమ్మ మరియు ఆమె శిరస్సున గల పాత్ర, ఉభయులూ కలిసి. ఇందుశేఖర్ నోరు తెరిచి, సర్వీసు గుర్తొచ్చి, మూసుకున్నాడు.

మర్నాడు పూర్తిస్థాయి విచారణ జరిగింది. కుప్పమంతా కిటికీల దగ్గర ఎగబడింది.

"ప్రయోగ సమయమున మీరు ఎక్కడ ఉంటిరి?" అని అధ్యక్షులు అడిగారు.

"ఇంటి ముందర వల బాగుజేస్తా ఉండాను."

"ఏ ఎత్తున?"

"ఎత్తేంది సార్. మా ఇల్లు దిబ్బ మీదుండాది."

"సాక్షి తాను ఎత్తైన స్థానమున ఉన్నట్లు అంగీకరించినది," అని ఆయన గుమాస్తాకు చెప్పి రాయించారు. "తరువాత ఏమైంది?"

"మెరుపు జూసి దిబ్బ దిగొచ్చినాను."

"మెరుపు అనంతరం దిగువకు వచ్చినది," అని మళ్ళీ రాయించారు.

కిటికీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నువ్వు రాకెట్టులోంచి పడ్డావని వీళ్ళు తేలుస్తున్నారమ్మా అని ఇందుశేఖర్ మెల్లగా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. మస్తానమ్మ ముందు తెల్లబోయింది. ఆ తర్వాత కోపమొచ్చింది. ఇంతమంది పెద్దమనుషులు కలిసి ఒక ఆడదాన్ని ఎగతాళి చేస్తారా అని బేసిన్ చంకన పెట్టుకుని లేచింది. గడప దగ్గరికి పోయేసరికి, గుమిగూడిన జనం వెనక కోదండం కనిపించాడు. భుజాన సంచి ఉంది. ఆదివారం దాకా ఆగేట్టు లేడు.

ఆమె వెనక్కి తిరిగి వచ్చి కూర్చుంది.

"సార్, నేనే ఆ ముక్కనని ఒప్పుకుంటే, అన్ని ముక్కలూ తేలినట్టేనా?"

"నిస్సంశయముగా."

"ఏకాశిరి మామా, ఇన్నావా? సార్ తేలినట్టే అంటుండాడు."

పెద్దకాపు శాలువా సర్దుకున్నాడు. "అన్నీ తేలినయ్యంటే దురాయి లేసినట్టే," అన్నాడు. "అయితే మాట ఆయన నోటితో రావాల. నీ నోటితో కాదు."

విశ్వంభరం గారు గొంతు సవరించుకుని, ఇందుమూలముగా నలభై ఒక్క శకలములునూ నిర్ధారితమైనవని ప్రకటించారు. మస్తానమ్మ తాను ఆకాశంలోంచి పడ్డానని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. కోదండం సంచి కింద పడేసి పడవ దగ్గరికి పరుగెత్తాడు. పెళ్ళాం ఏ ఎత్తునుంచి పడిందో అడగడానికి కూడా అతను ఆగలేదు.

సాయంత్రానికి కుప్పం పడవలన్నీ నీళ్ళలో ఉన్నాయి. మస్తానమ్మ మాత్రం ప్రయోగ కేంద్రంలో పెద్ద షెడ్డులో ఉంది. దొరికిన శకలాలను అక్కడ నేల మీద రాకెట్టు ఆకారంలో పేర్చి చూడటం నియమం. ముగ్గుతో రాకెట్టు బొమ్మ గీసి ఉంది. నలభై శకలాలు సముద్రంలోనే ఉన్నాయి కాబట్టి వాటి చోట్లలో నలభై కాగితాలు, గాలికి ఎగిరిపోకుండా వాటి మీద నలభై రాళ్ళు పెట్టారు. నిజంగా చేతికి దొరికిన శకలం ఆమె ఒక్కతే. ఇంధనం తొట్టికీ మొనకూ మధ్య ఆమెను నిలబెట్టి ఫోటోలు తీశారు. నెత్తిమీద కాకుండా చంకలో పెట్టుకుంటే బేసిన్ బొమ్మ గీత దాటి బయటికి వస్తోందని రెండుసార్లు సర్దారు.

ఆ తర్వాత తూకం వేశారు. అదే విచారణలో మలుపు. రాకెట్టు తయారుచేసిన కంపెనీ వాళ్ళు ఆ తూకం చూసి ఆనందంతో ఒకరినొకరు కౌగిలించుకున్నారు. "మా డిజైన్‌లో మస్తానమ్మ లేదు," అన్నాడు వాళ్ళ ప్రతినిధి. లెక్కలో లేని బరువు మొన దగ్గర చేరితే రాకెట్టు పక్కకు తిరగదా మరి. తిరిగింది. ప్రమాద కారణం దొరికింది. కంపెనీ తప్పు లేదు, ప్రయోగ కేంద్రం తప్పు లేదు, మండలి తప్పు మొదటినుంచీ లేదు. విశ్వంభరం గారు నివేదికను మూడు సంపుటాలుగా రాశారు. అందులో రెండో సంపుటం పూర్తిగా మస్తానమ్మ. ఆమె అంత ఎత్తుకు ఎలా ఎక్కిందో మాత్రం తమ పరిధిలోకి రాదని చివరి పేజీలో తేల్చేశారు.

చట్టం ప్రకారం శకలం ప్రయోగ సంస్థ ఆస్తి. గాలిలో తేమ లేని గదిలో భద్రపరచాలి. రాత్రికి కూర వండాలి, నేనిక్కడ ఉండనని మస్తానమ్మ ఖరాఖండిగా చెప్పింది. చాలా చర్చల తర్వాత, ఆమె ఇంటినే షెడ్డుకు అనుబంధ భవనంగా ప్రకటించారు. చేతికి నంబరు పట్టీ వేశారు. బేసిన్‌ను సీలు చేస్తామంటే, సీలు చేస్తే మేము ఉభయులం ఎట్లా అవుతామని ఆమె అడిగింది. ఆ ప్రశ్నలో శాస్త్రీయత ఉందని ఒప్పుకుని వదిలేశారు. ప్రతి సోమవారం ఒక ఉద్యోగి వచ్చి, సముద్రపు గాలిలో తేమ చూసి కంగారుపడి, 'శకలమునకు తుప్పు పట్టలేదు' అని రాసుకుని పోయేవాడు. పోయేటప్పుడు చేపలు కొనుక్కుపోయేవాడు.

కుప్పంలో కొన్నాళ్ళు వేళాకోళాలు నడిచాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, ఆకాశంలో ఇల్లు చవగ్గా దొరుకుతుందా వదినా అని అడిగేవారు. కోదండం కూడా రెండు చుక్కలు పడ్డనాడు, నన్ను కాదని ఒక్కదానివే అంత పైకి పొయినావు గదే అని వాపోయేవాడు. మస్తానమ్మ అందరికీ ఒకే జవాబు చెప్పేది. పడవలు నీళ్ళలో ఉన్నాయి గదా, నన్ను ఆకాశంలో ఉంచండి, నాకేం నష్టం.

మళ్ళీ రాకెట్టు పైకి లేచే రోజు వచ్చింది. మామూలుగానైతే ఆ రోజు వేకువ నుంచే పడవలు దించకూడదు. కానీ ఈసారి నివేదిక అమల్లో ఉంది. దాని మొదటి సిఫారసు ఇది: ఇకమీదట ప్రతి ప్రయోగానికి ముందు సదరు మస్తానమ్మ రాకెట్టులో లేదని రూఢి చేసుకోవాలి. అందుకుగాను ఆమె, బేసిన్ సహితంగా, నేల మీద, అధికారి కళ్ళ ముందు నిలబడి, నేను ఇక్కడే ఉన్నాను అని చెప్పాలి. ఆ మాట రాందే కౌంట్‌డౌన్ మొదలుకాదు.

ముందురోజు విశ్వంభరం గారే స్వయంగా కుప్పానికి వచ్చారు. ఉదయం పది గంటలకు హాజరు కావలసిందిగా కోరారు.

"పదికి కుదరదు సార్," అంది మస్తానమ్మ. "పడవలొచ్చేది పదికే."

"రేపు పడవలు పోరాదు గదా. ప్రయోగ దినం."

"పడవలు పోకపోతే చేపలు రావు. చేపలు లేకపోతే బేసిన్ ఎత్తను. బేసిన్ ఎత్తకుండా నేనొక్కదాన్నే వొచ్చి నిలబడితే, మీ పట్టికలో కుదర్దు గదా."

నివేదిక రెండో సంపుటంలో ఆ సంగతి ఆయన చేత్తోనే రాసి ఉంది. ప్రయోగ ముహూర్తం గ్రహగతుల లెక్కను బట్టి నిర్ణయమైందని, అది ఏ ఒక్కరి సౌకర్యం కోసమూ నిలువబోదని బుజ్జగింపుగా అన్నారు.

"గ్రహాలు రేపు గాకుంటే ఎల్లుండొస్తయ్యి. కానాగంత మధ్యాన్నానికే మెత్తబడతది," అంది మస్తానమ్మ.

తెల్లవారి కుప్పం పడవలు మామూలుగా పోయి, నిండుగా వచ్చాయి. సాంకేతిక కారణాల వల్ల ప్రయోగం కొన్ని గంటలు వాయిదా పడిందని రేడియో చెప్పింది. ఉత్తరాన దిబ్బల అవతల రాకెట్టు తెల్లగా, నిటారుగా, ఎండలో నిలబడి ఉంది. దాని చుట్టూ నాలుగు వందల మంది ఇంజనీర్లు గడియారాలు చూసుకుంటున్నారు. మెరక ఊరి దారిలో ఒక జీపు, గౌరవసూచకంగా కొంత వెనకగా, మస్తానమ్మ వెంట నడుస్తోంది. జీపులో ఇందుశేఖర్, వైర్‌లెస్ పట్టుకుని ఉన్నాడు.

ఆమె ఒక అరుగు ముందు బేసిన్ దించింది. ఆ ఇంటావిడ చేప మొప్పలు ఎత్తి చూస్తూ, ఏం మస్తానమ్మా, పొద్దున్నే రాకెట్టు పోతుందన్నారే, ఇంకా పోలేదేంది అని అడిగింది.

మస్తానమ్మ బేసిన్‌లోకి చూసుకుంది.

"ఇంక రెండు కిలోలుండాయమ్మా," అంది. "ఇవి పొయినాక అది పోతాది."